టర్న్‌లో ఆల్‌ఇన్ తోశాడు, నా చేతిలో కింగ్స్: కాలా, ఫోల్డా?

శీను_డాలస్:
డాలస్ శివార్లలో ఒక పోకర్ క్లబ్, శుక్రవారం రాత్రి. నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు), బ్లైండ్స్, అంటే ఇద్దరు ముందే పెట్టాల్సిన పందెం, ఒకటి-రెండు డాలర్లు, టేబుల్ నిండా తొమ్మిది మంది. నా ముందు 320 డాలర్లు. ఎదుటాయన దగ్గర అంతకన్నా కొంచెం ఎక్కువే ఉంది కాబట్టి లెక్కకు 320 అనుకోండి.

ఇద్దరు లింప్ చేశారు, అంటే పెంచకుండా రెండు డాలర్లే పెట్టారు. కటాఫ్‌లో (డీలర్ బటన్‌కి ముందు సీటు) నాకు ఇస్పేటు కింగ్, డైమన్ కింగ్ వచ్చాయి. 15కి పెంచాను. బటన్, స్మాల్ బ్లైండ్ వదిలేశారు. బిగ్ బ్లైండ్‌లో కూర్చున్న పెద్దాయన కాల్ చేశాడు (అంతే డబ్బు పెట్టాడు). మొదటి లింపర్ ఫోల్డ్ (ముక్కలు పారేశాడు), రెండో లింపర్ కాల్. పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 48.

ఫ్లాప్ (బల్ల మీద మొదటి మూడు ముక్కలు): ఆఠీను జాక్, ఆఠీను ఎనిమిది, కళావర్ నాలుగు. ఇద్దరూ చెక్ చేశారు (పందెం వెయ్యలేదు), నేను 35 వేశాను. పెద్దాయన కాల్, ఇంకొకాయన ఫోల్డ్. పాట్ 118.

టర్న్ (నాలుగో ముక్క): ఇస్పేటు రెండు. ఆయన చెక్, నేను 70. కాఫీ కప్పు పక్కకు జరిపి, ఇరవై ఇరవైగా పేర్చుకున్న ఎర్ర చిప్‌ల దొంతరలు రెండు చేతులతోనూ ముందుకు తోశాడు. ఆల్‌ఇన్ (ఉన్నదంతా పెట్టేశాడు) అన్నది డీలరే, ఆయన నోరు మెదపలేదు.

నేను ఇంకో 200 పెట్టాలి. నా డెబ్బై కూడా కలిపి పాట్‌లో 458 ఉంది.

పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. నేను కూర్చున్నప్పటి నుంచీ ఎక్కువగా ఫోల్డే. నేనేం చేశానో తర్వాత చెప్తాను. ఇప్పుడే చెప్తే అందరూ దాన్ని బట్టే మాట్లాడతారు.

బెజవాడ_బాబాయి:
ఫోల్డ్. ఆలోచించడానికి కూడా ఏమీ లేదు శీనూ.

నేను న్యూజెర్సీలో ఉంటాను, వీలైనప్పుడల్లా అట్లాంటిక్ సిటీ వెళ్తాను, ఏళ్ళ తరబడి ఇవే స్టేక్స్ (పందేల స్థాయి). కాఫీ తాగే పెద్దాయన టర్న్‌లో చెక్ చేసి, నువ్వు వేశాక మీద పడ్డాడంటే చేతిలో సెట్టు (చేతిలో జత, బల్ల మీద దానిదే ఇంకో ముక్క) గానీ రెండు జతలు గానీ ఉన్నట్టే. నీది ఎంత పెద్దదైనా ఒక్క జతే. టూ ప్లస్ టూ అనే పోకర్ ఫోరమ్‌లో పాత రోజుల నుంచీ బలూగా థియరమ్ అని ఒకటి తిరుగుతూ ఉంటుంది: టర్న్‌లో రెయిజ్ వచ్చిందా (అవతలివాడు పందెం పెంచాడా), నీ ఒక్క జతని మళ్ళీ తూచుకో. ఆ మాట పుట్టింది ఆన్‌లైన్‌లో గానీ, లైవ్‌లో ఒకటి-రెండుకి ఇంకా బాగా అతుకుతుంది.

లెక్కల_మాస్టారు:
బాబాయ్ గారూ, "సెట్టు ఉన్నట్టే" అంటే నూటికి ఎంత? తొంభయ్యా, డెబ్బయ్యా? ఆ తేడాలోనే ఉంది మొత్తం సమాధానం.

200 పెడితే మొత్తం పాట్ 658 అవుతుంది. 200ని 658తో భాగిస్తే 30.4 శాతం. అంటే పదిసార్లలో మూడుసార్లకి కాస్త ఎక్కువ గెలిస్తే చాలు, కాల్ లాభమే. దాదాపు ఏడుసార్లు ఓడిపోయినా ఫర్వాలేదన్నమాట. మనవాళ్ళు మర్చిపోయేది ఇదే. "ఓడిపోతానేమో" అనిపించగానే పేక పారేస్తారు. ఎక్కువసార్లు ఓడిపోతూ కూడా లాభం వచ్చే కాల్ ఇది.

ఇప్పుడు కాంబోలు (ఆయన చేతిలో ఉండగల ముక్కల జోడీలు) లెక్కేద్దాం. ఎనిమిదుల సెట్టు 3 రకాలుగా రావచ్చు, నాలుగుల సెట్టు 3 రకాలుగా. జాక్-ఎనిమిది ఒకే రంగులో 3. జాక్‌ల జత ఉంటే ప్రీఫ్లాప్‌లోనే (ఫ్లాప్ పడకముందే) రీరెయిజ్ చేసేవాడు కాబట్టి తీసేస్తున్నాను. మొత్తం 9. సెట్టు మీద కింగ్స్‌కి రెండే అవుట్లు (గెలిపించే ముక్కలు), 44 ముక్కల్లో 2 అంటే 4.5 శాతం. జాక్-ఎనిమిది మీద మాత్రం పరిస్థితి అంత ఘోరం కాదు. రెండు కింగ్‌లే కాదు, రివర్‌లో (చివరి, ఐదో ముక్కగా) నాలుగు వచ్చినా, రెండు వచ్చినా బోర్డు (బల్ల మీది ముక్కలు) జత కట్టి ఆయన ఎనిమిదులు చెల్లకుండా పోతాయి. మొత్తం 8 అవుట్లు, 18 శాతం.

ఫ్లష్ డ్రాల (ఒకే రంగు ముక్కలు ఐదు కావడానికి ఇంకొక్కటి తక్కువైన చేతులు) మీద మనం 70 శాతం దగ్గర ఉంటాం. ఆసు-క్వీన్ ఆఠీను అయితే ఆయనకి 12 అవుట్లు, మనకి 72.7. పది-తొమ్మిది ఆఠీను అయితే స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) కూడా కలిసి 15 అవుట్లు, అయినా మనకి 66.

వీటితో తూస్తే, ఆ 9 కాంబోలకి ఎదురుగా డ్రాలు ఒక 5 కాంబోలు ఉంటే చాలు, 30.4 దాటేస్తాం. ఐదే ఐదు. శీను చేతిలో ఆఠీను ముక్క ఒక్కటి కూడా లేదు కాబట్టి డ్రాలన్నీ ఆయనకి మిగిలే ఉన్నాయి. నాది కాల్.

మిడిల్‌డ్రాప్:
నేను విశాఖ నుంచి. చిన్నప్పటి నుంచీ రమ్మీ ఆడినవాణ్ణి, పోకర్‌కి కొత్త. నాకు ఇది మిడిల్ డ్రాప్‌లాగే కనిపిస్తోంది. పాయింట్స్ రమ్మీలో మొదట్లోనే దించేస్తే 20, మధ్యలో దించితే 40, చివరిదాకా ఉండి ముక్కలు కలవకపోతే 80. 120 డాలర్లు ఇప్పటికే పెట్టేశాక వదలాలంటే ప్రాణం ఒప్పదు గానీ, పూర్తిగా మునగడం కన్నా అదే నయం కదా?

ఇంకో మాట. ఇలాంటివి ప్రాక్టీస్ చేయడానికి ఆన్‌లైన్‌లో ఏ సైటు బాగుంటుంది?

మోడరేటర్:
డబ్బు పెట్టి ఆడే సైట్ల పేర్లూ లింకులూ ఇక్కడ వద్దు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో దేశమంతటా నిషేధం వచ్చింది. చట్టం ఒప్పుకునే చోట్ల జరిగే లైవ్ ఆట గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

లెక్కల_మాస్టారు:
మిడిల్‌డ్రాప్ గారూ, పోలిక బాగుంది గానీ ఒక్క చోట తేడా ఉంది. రమ్మీలో దించాలా వద్దా అన్నది 40కీ 80కీ మధ్య తూకం. ఇక్కడ ఆ 120 ఇక శీనుది కాదు, పాట్‌ది. దానికోసం ఏడ్చి కాల్ చెయ్యకూడదు, దాన్ని మర్చిపోయి ఫోల్డూ చెయ్యకూడదు. గెలిస్తే వచ్చే 458లో అదీ ఉంది, అంతవరకే దానితో పని.

కళావర్_రాణి:
మాస్టారూ, మీ లెక్కలో తప్పు లేదు. కానీ "ఐదే ఐదు" అన్న చోట చెయ్యి తిప్పేశారు.

ఆఠీను డ్రాలు ఎన్ని ఉంటాయో నిజంగా లెక్కపెట్టి చూడండి. ఆసు ఉన్నవి పది కాంబోలు, మిగతావి కింగ్-క్వీన్, క్వీన్-పది, పది-తొమ్మిది, ఏడు-ఆరు లాంటివి. ఉదారంగా వేసుకుంటే మొత్తం ఇరవై. సెట్టు వస్తే పెద్దాయన ప్రతిసారీ తోస్తాడు. డ్రా ఉంటే ప్రతిసారీ తొయ్యడు. ఇరవైలో ఐదు అంటే, డ్రా ఉన్న నాలుగుసార్లలో ఒకసారి అప్పటిదాకా కాల్ చేస్తూ వచ్చి, ఉన్నట్టుండి టర్న్‌లో చెక్-రెయిజ్ ఆల్‌ఇన్ వెయ్యాలి. అదీ ఒక్క ముక్కే మిగిలినప్పుడు. గోవాలో మాండవి నది మీద కాసినో పడవల్లో నేను చూసిన పెద్దవాళ్ళు డ్రా ఉంటే కాల్ చేస్తారు, ఫ్లష్ పడితే వేస్తారు, పడకపోతే నిట్టూర్చి పారేస్తారు. సెమీ బ్లఫ్ (ఇంకా పూర్తికాని చేత్తో బెదిరించడం) అన్నది కుర్రాళ్ళ ఆట.

జాక్‌ల జతని తీసెయ్యడం కూడా నాకు నచ్చలేదు. శీనూ, ఆయన ప్రీఫ్లాప్‌లో ఎప్పుడైనా రీరెయిజ్ చేశాడా? అంతకుముందు డ్రా ఏదైనా ఆడగా చూశారా? ఈ రెండూ చెప్పకుండా కాలా ఫోల్డా అని అడిగితే ఎవరైనా గాల్లో మేడలే కడతారు.

శీను_డాలస్:
ప్రీఫ్లాప్‌లో రీరెయిజ్ చెయ్యగా నేను చూడలేదక్కా. ఒకసారి ఆసు-కింగ్‌తో లింప్ చేసి, ఎవరో 12కి పెంచితే ఊరికే కాల్ చేశాడు. ఆసు-కింగ్ అని చివర్లో చూపిస్తే తెలిసింది.

డ్రా ఆడగా ఒకసారే చూశాను. ఫ్లాప్‌లో కాల్, టర్న్‌లో కాల్, రివర్‌లో ఫ్లష్ పడింది. అప్పుడు చెక్ చేసి, అవతలివాడు వేశాక రెయిజ్ చేశాడు.

బెజవాడ_బాబాయి:
ఇంకేం కావాలి? డ్రా ఉంటే పడేదాకా కాల్, పడ్డాక రెయిజ్. ఆయన ఆట ఆయనే బల్ల మీద పెట్టి చూపించాడు. టర్న్‌లో రెయిజ్ చేశాడంటే అప్పటికే పడిపోయిందనే లెక్క. ఆసు-కింగ్‌తోనే రెయిజ్ చెయ్యనివాడు జాక్‌లతో ఎందుకు చేస్తాడు? ఆ మూడు కాంబోలు కూడా కలపండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు:
కలుపుతాను. 12 అవుతాయి. అప్పుడు డ్రాలు 5 చాలవు, 7 కావాలి. రాణి గారి ఇరవైలో మూడింట ఒకటి. కష్టమే, ఒప్పుకుంటాను.

కానీ అదే నోటితో ఇంకో మాట కూడా ఒప్పుకోండి. ప్రీఫ్లాప్‌లో రీరెయిజే చెయ్యడంటే ఆసుల జత కూడా కాల్ చేసి ఉండొచ్చు, క్వీన్‌ల జత కూడా. ఒక్కోటి ఆరు కాంబోలు. ఆసుల మీద మనం మునిగిపోతాం, క్వీన్‌లు మన కింద మునిగిపోతాయి. రెండూ కలిపి చూస్తే సగటున 50 శాతం, మనకి కావలసిన 30 కన్నా చాలా ఎక్కువ. పెద్దాయన్ని ఎంత పిరికివాడంటారో, ఆయన ప్రీఫ్లాప్ చేతులు అంత విశాలం అవుతాయి. ఆ లాభం మీకే కాదు, నాకూ వస్తుంది.

మరి ఆసు-జాక్? 12 కాంబోలు. టాప్ పెయిర్, టాప్ కిక్కర్ (బోర్డులో పెద్ద ముక్కతో జత, పక్కన ఆసు). ఈ స్టేక్స్‌లో చాలామందికి అది మహా చెయ్యి. బోర్డు మీద రెండు ఆఠీనులు చూసి, ఫ్లష్ పడకముందే అవతలివాణ్ణి తరిమేద్దామని తోసేవాళ్ళు లేరా? దాని మీద మనకి 88 శాతం పైన.

కళావర్_రాణి:
ఉన్నారు. కానీ వాళ్ళు ఫ్లాప్‌లోనే తోస్తారు, ఇద్దరు ప్రత్యర్థులు ఉండగానే. భయపడేవాడు టర్న్ దాకా ఆగడు.

బెజవాడ_బాబాయి:
ఆసు-జాక్‌తో టర్న్‌లో చెక్-రెయిజ్ చేసే పెద్దాయన్ని నాకు చూపిస్తే మసాలా దోశ నా ఖర్చు.

అయినా లాంగ్ రన్, లాంగ్ రన్ అంటారు గదా మాస్టారూ, లైవ్‌లో గంటకి పాతిక ముప్పై చేతులే పడతాయి. అదే మనిషి, అదే బోర్డు, అదే బెట్టు మళ్ళీ ఎప్పుడొస్తుంది? మీ కాంబోలు సరిచూసుకోవడానికి ఒక జీవితం చాలదు. అందుకే మనిషిని చూడమంటున్నాను.

లెక్కల_మాస్టారు:
అదే మనిషి రాకపోవచ్చు. 30 శాతం కావలసిన కాల్స్ మాత్రం వస్తూనే ఉంటాయి, రకరకాల మనుషుల మీద, రకరకాల బోర్డుల మీద. లాంగ్ రన్ అంటే వాటన్నిటి మొత్తం, ఈ కింగ్స్ ఒక్కటే కాదు.

మనిషిని చూడొద్దని నేనెప్పుడన్నాను? చూసింది అంకెలో పెట్టమంటున్నాను, అంతే. "పెద్దాయన, కాఫీ, సైలెంట్" అంటే ఎంత శాతం? మీరు 10 అంటే కాల్ వల్ల సగటున 134 డాలర్లు పోతాయి, ఫోల్డ్ కళ్ళకద్దుకోవాలి. 40 అంటే 63 లాభం. 28 అంటే పోయేది 15 చిల్లర. మీరూ నేనూ గొంతు చించుకునేది బహుశా ఆ 28 చుట్టూనే.

మిడిల్‌డ్రాప్:
రేక్ (హౌస్ పాట్‌లోంచి తీసుకునే వాటా) సంగతి ఎవరూ చెప్పలేదు. హౌస్ తీసుకునేది పోతే 30.4 కాస్తా పెరుగుతుంది కదా?

శీను_డాలస్:
టెక్సాస్‌లో పాట్‌లోంచి తియ్యరు తమ్ముడూ. ఆట నడిపేవాడు పాట్‌లో వాటా తీసుకుంటే చట్టం ఒప్పుకోదు కాబట్టి క్లబ్బులు మెంబర్‌షిప్ అనీ, సీటుకి గంటకింత అనీ వసూలు చేస్తాయి. ఈ పాట్‌లో 458 అంటే 458యే. అట్లాంటిక్ సిటీలో అయితే నువ్వన్నది నిజం, బాబాయ్‌కి తెలుసు.

కళావర్_రాణి:
నాకు కాల్-ఫోల్డ్ కన్నా ముందున్న రెండు బెట్లే ఎక్కువ ఇబ్బందిగా ఉన్నాయి.

ప్రీఫ్లాప్‌లో ఇద్దరు లింపర్లు ఉండగా 15 తక్కువ. ఒకటి-రెండు టేబుల్‌లో 15కి ఎవరైనా కాల్ చేస్తారు, చేశారు కూడా. ఫ్లాప్‌కి పాట్ 48, వెనక 305. పాట్‌కి ఆరు రెట్లకు పైగా డబ్బు మిగిలి ఉంది. ఒక్క జతతో అంత లోతు నీళ్ళలో దిగితే టర్న్‌లో ఇలాంటి టెన్షన్ తప్పదు. అదే 25కి పెంచి ఇద్దరూ వచ్చినా పాట్ 78, వెనక 295. నాలుగు రెట్ల లోపు. అప్పుడు ఫ్లాప్‌లో ఒక బెట్టు, టర్న్‌లో మిగిలింది తోసెయ్యడం. కాల్ చేసేది ఆయన, తల పట్టుకునేదీ ఆయనే.

రెండోది టర్న్‌లో 70. రెయిజ్ వస్తే ఏం చెయ్యాలో తెలియని సైజు అది. 120 వేసి ఉంటే వెనక 150 మిగిలేది, కాల్‌కి 23 శాతం లోపు చాలు. లేదా చెక్ చేసి రివర్ చూడాల్సింది.

బెజవాడ_బాబాయి:
120 వేస్తే కాల్ సులువవుతుంది, నిజమే. సెట్టు మీద మొత్తం పోవడమూ అంతే సులువవుతుంది రాణమ్మా. నిర్ణయం కష్టంగా ఉందని ముందే డబ్బంతా పాట్‌లో పడేసుకుంటే అది ఆట అవ్వదు. 70 వేసి, రెయిజ్ వస్తే వదిలేసి 200 ఇంటికి పట్టుకుపోవడమే నా దృష్టిలో మంచి ఆట. చిన్న బెట్టు ఇచ్చే సౌకర్యమే అది. ఆయన కాల్ చేస్తే పాట్ పెరుగుతుంది, రెయిజ్ చేస్తే సమాచారం దొరుకుతుంది.

లెక్కల_మాస్టారు:
సమాచారం కోసం 70 డాలర్లు కాస్త ఖరీదే బాబాయ్. కానీ ఇక్కడ నేను రాణి గారి వైపు పూర్తిగా రాను. 70 వేసింది సమాచారానికి కాదు, ఫ్లష్ డ్రాలూ జాక్‌లూ కాల్ చేస్తాయని. చెక్ చేస్తే డ్రాకి ఐదింట ఒకసారి ముక్క ఉచితంగా పడుతుంది. బెట్టు సరైనదే, సైజు ఇంకాస్త ఉండొచ్చు. ప్రీఫ్లాప్ 15 మాత్రం తక్కువే, అందులో ఇద్దరం ఒకటే.

మిడిల్‌డ్రాప్:
శీను గారూ, ఇంక చెప్పెయ్యండి. ఉత్కంఠ తట్టుకోలేకపోతున్నాం.

శీను_డాలస్:
ఫోల్డ్ చేశాను. ఆయన ఏమీ చూపించలేదు, ముక్కలు బోర్లా డీలర్ వైపు జరిపి కాఫీ అందుకున్నాడు. అడిగితే నవ్వాడు.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఇంకో గంట పోయాక అదే పెద్దాయన, అవతల బాగా దూకుడుగా ఆడే కుర్రాడు. బోర్డు క్వీన్, తొమ్మిది, ఐదు; ఆ మూడిట్లో రెండు ముక్కలు కళావర్లే. టర్న్‌లో మూడు పడింది. కుర్రాడు వేశాడు, పెద్దాయన చెక్-రెయిజ్ ఆల్‌ఇన్, కుర్రాడు కాల్. పెద్దాయన తిప్పితే ఆసు-క్వీన్! ఒక్క జత. "ఇంకో కళావర్ పడకముందే తేల్చేద్దామనుకున్నా" అన్నాడు పక్కవాడితో.

బాబాయ్, దోశ ఎప్పుడు?

లెక్కల_మాస్టారు:
చూశారా! ఆసు-క్వీన్‌తో తోసినవాడు ఆసు-జాక్‌తో తొయ్యడా? ఆ 12లో మూడో వంతు, అంటే 4 కాంబోలు వేసుకుంటే చాలు. డ్రాలు ఒక్కటి కూడా లేవనుకున్నా నా మొదటి 9తో కలిపి 33 శాతం దాటుతుంది. కాల్.

బెజవాడ_బాబాయి:
దోశ ఇస్తాను, మాట తప్పను. కానీ న్యూజెర్సీలో ఎడిసన్ దాకా నువ్వే రావాలి.

కాల్ మాత్రం ఒప్పుకోను. ఒకటి, అక్కడ అవతల ఉన్నది దూకుడు కుర్రాడు. వాడి దగ్గర ఏమీ ఉండదని పెద్దాయనకి తెలుసు. శీను మీద అలా తోస్తాడా? శీను రాత్రంతా మంచి చేతులే చూపించి ఉంటాడు. రెండు, మీ 9 ఎక్కడిది మాస్టారూ? జాక్‌లు కలిపి 12 అని మీరే అన్నారు. ఆ 12తో, మీ 4 ఆసు-జాక్‌లతో మళ్ళీ వెయ్యండి.

లెక్కల_మాస్టారు:
28.1. పోయేది 15 డాలర్లు.

సరే, అందులో ఒక్క ఫ్లష్ డ్రా వేసుకోనివ్వండి. ఒక్కటంటే ఒక్కటి. 30.6 అయిపోతుంది.

కళావర్_రాణి:
ఒక్క కాంబో మీద ఇటూ అటూ అయ్యే చోట ఇంతసేపు కొట్టుకున్నారు మీరిద్దరూ. శీనూ, గంట ముందు నీకు ఆ ఆసు-క్వీన్ సంగతి తెలియదు. తెలిసినంతలో ఫోల్డ్ బాగానే ఉంది. ఇప్పుడు తెలిసింది కాబట్టి మళ్ళీ ఆయనతో కూర్చున్నప్పుడు, బోర్డు మీద ఒకే రంగు ముక్కలు రెండుంటే కాల్ చెయ్యి. రంగు రంగుకీ ఒక్కో ముక్కే ఉంటే మాత్రం ఆయన భయపడి తోసే కారణమే లేదు, అప్పుడు బాబాయ్ మాట విను.

శీను_డాలస్:
ఇది నేను ఆలోచించలేదక్కా. నోట్స్‌లో రాసుకుంటున్నాను. వచ్చే శుక్రవారం మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఇద్దరు లింపర్లుంటే 25.

బెజవాడ_బాబాయి:
25కి ఆ పెద్దాయన కాల్ చేస్తే మాత్రం జాగ్రత్త. ఆసులు కూడా కాల్ చేస్తాడని మాస్టారే ఒప్పుకున్నారు.